విన్న పాఠం ఎక్కడ జారిపోతుంది

మిత్రులారా, నమస్కారం.

"క్లాసులో అంతా అర్థమైనట్టే ఉంటుంది, గదికొచ్చి నోట్స్ తెరిస్తే ఏమీ తెలియదు." కాలేజీలో చేరిన పిల్లల నోట ఈ మాట తరచూ వినిపిస్తుంది. పక్కవాళ్లు తలాడిస్తుంటే లోపం తమ బుర్రలోనే ఉందనుకుని కుంగిపోతారు. అందుకే ముందు కొన్ని లెక్కలు చెప్పాలి.

ఇంగ్లిష్‌లో పాఠం చెప్పేవారు నిమిషానికి సుమారు 120 నుంచి 150 మాటలు మాట్లాడతారు. చేత్తో రాయగలిగేది 20, 25 మాటలు. తెలుగు మాటలు పొడవు కాబట్టి అంకెలు తగ్గుతాయి గానీ తేడా మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ప్రతి మాటా రాసుకోవడం ఎవరి చేతా కాదు. ఇక రెండో సంగతి. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగేవి చాలా తక్కువ. 1956లో మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ ఏడు, అటూఇటూగా రెండు అన్నారు. 2001లో అదే రంగానికి చెందిన నెల్సన్ కోవన్ సుమారు నాలుగే అన్నారు. చదువుతున్నప్పుడు తెలియని పదం వస్తే కన్ను ఆగుతుంది, వెనక్కి వెళ్తుంది. చెవికి ఆ వీలు లేదు. కొత్త పదం వచ్చి ఆ నాలుగు చోట్లలో ఒకటి ఆక్రమించుకుంటుంది. దాని సంగతి తేలేలోపే మరో మూడు వాక్యాలు దాటిపోతాయి.

అందుకే మేము చెప్పేది ఇది: క్లాసులోనే నేర్చేసుకోవాలని చూడకండి. ఆ పనిలో కొంత ముందుకు, ఎక్కువ భాగం తర్వాతకు జరపండి.

క్లాసుకు ముందు చేసేదానికి 15 నిమిషాలు చాలు. పుస్తకంలో ఆ పాఠం శీర్షికలు, బొమ్మలు, వాటి కింది వివరణలు చూడండి. కొత్త పదాలు ఐదారు ఏరి పైకి పలకండి. పైకి పలకడం ముఖ్యం. కంటికి తెలిసిన పదాన్ని చెవి గుర్తుపట్టకపోవచ్చు. పరాయి భాషలో పాఠం వినేవారికి ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

క్లాసులో రాసేది తక్కువగా ఉండాలి, కానీ విషయాల మధ్య సంబంధాలు చెడకూడదు. ఒక వాక్యం చూడండి: "ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎంజైమ్ చర్య వేగం పెరుగుతుంది, కానీ ఒక హద్దు దాటితే ఎంజైమ్ ఆకృతి చెడిపోయి వేగం పడిపోతుంది." దీన్ని మొత్తం రాయబోతే "ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఎంజైమ్ చర్య" దగ్గర కలం ఆగిపోతుంది. అసలు సంగతంతా తర్వాతి సగంలోనే ఉంది. "ఉష్ణో ↑ → వేగం ↑; హద్దు దాటితే ఆకృతి చెడు → వేగం ↓" అని రాస్తే కారణం, ఫలితం రెండూ మిగులుతాయి. "కానీ", "అందువల్ల", "దీనికి భిన్నంగా" అన్న మాటలు చెవిన పడగానే కలం సిద్ధంగా ఉండాలి. పాఠం మలుపు తిరిగేది అక్కడే.

ఏదైనా జారిపోయిందా? మూడు గీతలు ఖాళీ వదిలి, ప్రశ్న గుర్తు పెట్టి ముందుకు సాగండి. పోయిన వాక్యాన్ని వెతుక్కుంటూ కూర్చుంటే వచ్చేది కూడా పోతుంది. గది దాటేలోపు పక్కవారిని అడిగి ఆ ఖాళీ నింపుకోవాలి. సాయంత్రానికి ఆ ప్రశ్న దేని గురించో కూడా గుర్తుండదు.

లాప్‌టాప్ మీదా, చేత్తోనా అని అడుగుతారు. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో చేత్తో రాసినవారు విషయం ఎంత అర్థమైందో చూసే ప్రశ్నల్లో మెరుగ్గా చేశారు. తర్వాత ఇతరులు చేసి చూసినప్పుడు ఆ తేడా అంత స్పష్టంగా రాలేదు. అయితే టైపు చేసేవారు విన్నది విన్నట్టే ఎక్కించే అలవాటులో పడతారు. ఆ అలవాటు మానగలిగితే ఏది వాడినా పరవాలేదు.

రికార్డింగు విషయంలో ఒక జాగ్రత్త. ముందు అనుమతి తీసుకోండి. గంట పాఠాన్ని మళ్లీ వినడానికి ఇంకో గంట పడుతుంది. వారం తిరిగేసరికి వినని ఫైళ్లు పేరుకుపోతాయి. ప్రశ్న గుర్తు పెట్టినచోట గడియారం చూసి నిమిషం రాసుకుంటే, తర్వాత ఆ రెండు నిమిషాలు వింటే చాలు.

అసలైన పని మాత్రం ఆ రోజు సాయంత్రం. నోట్స్ మూసి, తెల్లకాగితం మీద పది నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. తర్వాత తెరిచి, తప్పినవి వేరే రంగు సిరాతో చేర్చండి. ఆ రంగే మీరు చదవాల్సిన భాగం. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ పరిశోధకులు జరిపిన ప్రయోగంలో ఒక పాఠ్యాన్ని మళ్లీ చదివినవారికి వారం తర్వాత 42 శాతం గుర్తుంది. చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారికి 56 శాతం. ఐదు నిమిషాల తర్వాత అయితే మళ్లీ చదివినవారే ముందున్నారు. "చదివాను, వచ్చేసింది" అన్న భ్రమ పుట్టేది ఇక్కడే.

ఇవన్నీ చేసినా మాట పట్టుబడకపోతే చెవిని కూడా అనుమానించాలి. శబ్దం వినిపిస్తూ, గోలలో మాట మాత్రం తెలియకపోతే వినికిడి నిపుణుల దగ్గరికి వెళ్లండి. నిశ్శబ్దపు గదిలో చేసే మామూలు పరీక్ష ఇలాంటి ఇబ్బందిని పట్టుకోకపోవచ్చు. గోలలో మాట వినే పరీక్ష చేయమని అడగండి. ఈలోగా ముందు వరుసలో కూర్చోండి. వెనక బెంచీలకు చేరేసరికి మాటలో ప్రతిధ్వని కలిసిపోయి హల్లులు మసకబారతాయి. అధ్యాపకుల్ని అడగాల్సింది కూడా ఉంది: స్లైడ్లు ఒకరోజు ముందు ఇవ్వమని, బోర్డు వైపు తిరిగి మాట్లాడవద్దని, కొత్త పదం వచ్చినప్పుడల్లా దాన్ని బోర్డు మీద రాయమని.