స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో జడ్జి కుర్చీలో ఇమిగ్రేషన్ లాయరు కూర్చుంటే?

నమస్కారమండి. కాలిఫోర్నియాలో అద్దె ఇల్లు ఖాళీ చేశారు, డిపాజిట్ తిరిగి రాలేదు, చిన్న మొత్తాల గొడవలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకి వెళ్లారు అనుకుందాం. తీరా చూస్తే జడ్జి కుర్చీలో ఉన్నాయన మామూలు రోజుల్లో హెచ్-1బీ, గ్రీన్ కార్డు ఫైళ్లు చూసుకునే ఇమిగ్రేషన్ లాయరు! కంగారు పడకండి. ఆయన్ని జడ్జ్ ప్రో టెమ్ అంటారు, అంటే తాత్కాలిక జడ్జి.

ఆ కుర్చీ ఊరికే రాదు. మామూలుగా స్టేట్ బార్‌లో, అంటే రాష్ట్ర లాయర్ల సంఘంలో, 10 ఏళ్ల సభ్యత్వం ఉండాలి. కోర్టులో నడవడిక మీద, నైతిక నియమాల మీద, వినబోయే కేసుల చట్టం మీద శిక్షణ పూర్తి చేయాలి.

అయితే మీ సమ్మతి లేకుండా ఆయన మీ కేసు వినలేరు. రాష్ట్ర రాజ్యాంగంలోనే ఆ మాట ఉంది. తిరకాసు ఎక్కడంటే, తాత్కాలిక జడ్జి వింటారని కోర్టు ముందే తెలియజేస్తుంది, గది దగ్గర బోర్డు కూడా పెడుతుంది. విచారణ మొదలయ్యేలోపు అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. చాలామంది ఆ బోర్డు చదవకుండానే లోపలికి వెళ్లిపోతారు. ఆయన ఆఫీసు మీ వీసా ఫైలు చూసి ఉంటే, ఆ సంగతి కూడా అప్పుడే చెప్పేయండి.

ఇంకో పొరపాటు, ఆయన్ని అక్కడ వీసా సలహా అడగడం. అడగకండి, ఆయన చెప్పకూడదు కూడా. ఇమిగ్రేషన్ కోర్టులు ఫెడరల్ న్యాయశాఖ కింద ఉంటాయి, ఇది రాష్ట్ర కోర్టు. కేసు వేసే ఎస్‌సీ-100 ఫారంలో మీ ఇమిగ్రేషన్ స్టేటస్ గురించి ప్రశ్నే లేదు. "కేసు వేస్తే ఇమిగ్రేషన్ వాళ్లకి చెప్తా" అని ఇంటి ఓనరు బెదిరిస్తే, ఆ బెదిరింపే ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధం. ఆ మెసేజ్ చెరిపేయకుండా దాచుకోండి.

ఇక అసలు పని. ఇల్లు ఖాళీ చేసిన 21 రోజుల్లోపు ఓనరు డిపాజిట్ తిరిగివ్వాలి, కోత పెడితే దేనికెంతో లెక్క పంపాలి. కోతలు 125 డాలర్లు దాటితే రసీదులు జతచేయాలి. కాబట్టి ఆ కవరు పారేయకండి, దాని మీది పోస్టల్ ముద్రే తేదీకి సాక్ష్యం. తివాచీ నడకకి అరిగితే అది మామూలు అరుగుదల, కాలిన మచ్చ ఉంటే అది డ్యామేజీ. అందుకే దిగిన రోజు ఫోటో, వదిలిన రోజు ఫోటో ఒకే మూల నుంచి తీసి ఉంచాలి. ప్రతి కాగితం మూడు కాపీలు పెట్టుకోండి: మీకు, అవతలివారికి, జడ్జికి.

వ్యక్తులు 12,500 డాలర్ల దాకా అడగొచ్చు. కోర్టు ఫీజు, మీరు అడిగే మొత్తాన్ని బట్టి, 30 నుంచి 75 డాలర్లు. కేసు కాగితాలు మాత్రం మీరే స్వయంగా ఓనరుకి ఇస్తే చెల్లదు, కేసుతో సంబంధం లేని 18 ఏళ్లు నిండినవారు ఇవ్వాలి. ఓనరు ఉండేది కోర్టు ఉన్న కౌంటీలోనే (మన జిల్లా లాంటిది) అయితే విచారణకి కనీసం 15 రోజుల ముందు, వేరే కౌంటీ అయితే 20 రోజుల ముందు. ఇక్కడ తప్పితే కేసు వాయిదా పడొచ్చు. తెలుగు దుబాసీ కావాలంటే ఐఎన్‌టీ-300 ఫారం ముందుగానే ఇవ్వండి.

లోపల మీ తరఫున లాయరు మాట్లాడరు, మీరే చెప్పుకోవాలి. తీర్పు అక్కడే చెప్పొచ్చు, పోస్టులోనూ రావచ్చు. ఓనరు ఓడితే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కేసు వేసిన మీరు ఓడితే, మీ క్లెయిమ్ మీద అప్పీలు లేదు.