సీట్ల సంగతి తర్వాత, ముందు మ్యాట్ ఎత్తి చూడండి

(ఫోన్-ఇన్ కార్యక్రమం. అంశం: పాత కారు డ్యాష్‌బోర్డ్, సీట్లు, లోపలి పనులు తక్కువ ఖర్చులో)

యాంకర్: నమస్కారం. ఇవాళ మనతో విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి పాత కార్ల లోపలి పనులు చేస్తున్న మాస్టారు ఉన్నారు. మొదటి కాల్ రాజమండ్రి నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మాది ప్రీమియర్ పద్మిని అండి, 1976 మోడల్. ఇంట్లో అందరం ఫియట్ అనే అంటాం. నాన్నగారు పోయాక షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్యే ఇంజిన్ చేయించాం, బాగానే నడుస్తోంది. లోపలే చూడలేకపోతున్నామండి. సీట్లు చిరిగి స్ప్రింగులు గుచ్చుకుంటున్నాయి, డ్యాష్‌బోర్డ్ రంగు పెచ్చులూడుతోంది, స్టీరింగ్ బీటలు వారింది. ఒకచోట అడిగితే మొత్తం 60 వేలు అన్నారు. మాకు 25 వేలు దాటకూడదండి.

మాస్టారు: అన్నీ కొత్తవి వేయాలంటే 25 వేలు చాలవమ్మా. కానీ మీ కారుకి అన్నీ కొత్తవి అక్కర్లేదు. కింద మ్యాట్ ఎత్తి చూశారా?

కాలర్: లేదండీ. సీట్ల గురించే ఆలోచిస్తున్నాం.

మాస్టారు: అందరూ అక్కడే మొదలుపెడతారు. మ్యాట్ ఎత్తితే కింద ఫెల్ట్, అంటే మందపాటి ఉన్ని గుడ్డలాంటి పొర, ఉంటుంది. దాన్ని చేత్తో పిండి చూడండి. తడి తగిలినా, ముక్కిపోయిన వాసన కొట్టినా నీళ్లు దిగుతున్నట్టే. అప్పుడు సీటు కవర్ల మాట పక్కన పెట్టండి. ఫియట్ 1100కి అంబాసిడర్‌కన్నా ముందు కాలం నుంచే వేరే ఛాసిస్ ఫ్రేమ్, అంటే బాడీని కింద నుంచి మోసే ఇనప చట్రం, లేదు. ఫ్లోర్ రేకు, బాడీ కలిసి బరువు మోయాలి. మీ పద్మిని ఆ కారు నుంచి వచ్చిందే. ఫ్లోర్ తుప్పు తిని ఉంటే పైన ఎంత మంచి రెక్సిన్ వేసినా ఏం లాభం చెప్పండి.

కాలర్: నీళ్లు ఎక్కడి నుంచి దిగుతాయండీ?

మాస్టారు: ఎక్కువగా ముందు అద్దం రబ్బరు బీడింగ్ దగ్గర. ఏళ్ల తరబడి ఎండకి రాయిలా గట్టిపడి సందులు ఇస్తుంది. మీరు టార్చిలైటుతో లోపల కూర్చోండి. ఇంకొకరిని బయట నుంచి పైపుతో నీళ్లు పోయమనండి. కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. ఒకేసారి అంతా తడిపేస్తే ఏ సందులోంచి వస్తోందో తెలియదు. రెండోది డోర్లు. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలు ఉంటాయి, మట్టితో పూడుకుపోతాయి. సన్న తీగతో తీయండి, ఒక్క రూపాయి ఖర్చు లేదు. డోర్ ప్యాడ్, అంటే డోర్ లోపలి వైపు బిగించే పలక, తీసినప్పుడు వెనకాల పాలిథీన్ షీటు ఉందో లేదో చూడండి. అది లేకపోతే డోర్లో దిగిన నీళ్లు నేరుగా ప్యాడ్‌కి తగులుతాయి. ప్యాడ్ లోపల ఉండేది అట్ట కాబట్టి ఉబ్బి వంకర పోతుంది. చాలామంది కొత్త ప్యాడ్లు చేయించి, ఈ షీటు వేయకుండానే బిగించేస్తారు. ఒక్క వానాకాలంలో మళ్లీ అదే కథ.

యాంకర్: ఫ్లోర్‌లో తుప్పు కనిపిస్తే?

మాస్టారు: స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడాలండి. గట్టిగా ఉంటే వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టి, పైన పెయింట్ వేస్తే సరిపోతుంది. మొన దిగబడితే టింకర్, అంటే రేకు పనిచేసే మేస్త్రీ, చేత కుళ్లిన రేకు కోయించి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. పుట్టీతో కప్పేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

కాలర్: సరేనండి. మరి డ్యాష్‌బోర్డ్?

మాస్టారు: అక్కడ మీకు మంచి వార్తే. పద్మినిది ఇనప రేకు డ్యాష్‌బోర్డ్. ప్లాస్టిక్‌లాగా ఎండకి పగలదు. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఆ తర్వాతే దేనిమీదైనా చెయ్యి వేయాలి. ఒక్కో వైరు ఎక్కడుందో ఫోన్లో ఫొటో తీసుకుని, మాస్కింగ్ టేపు చుట్టి పేరు రాయండి. స్పీడోమీటర్ వెనక కేబుల్ నట్టు ఉంటుంది. అది విప్పకుండా మీటర్ లాగితే కేబుల్ తెగుతుంది. వైర్ల మీద తొడుగు గట్టిపడి ఎక్కడైనా పగిలి ఉంటే ఆ వైర్లు మార్పించండి. డ్యాష్ విప్పి ఉన్నప్పుడే ఆ పని తేలిక. బిగించాక మళ్లీ విప్పాలంటే రెండింతల కూలి.

కాలర్: రంగు ఏం వేయాలండి? అసలు రంగు ఏదో గుర్తు కూడా లేదు.

మాస్టారు: గ్లోవ్ బాక్స్ మూత తీయండి. లోపల అంచున, కీలు కింద, ఎండ తగలని చోట తడి గుడ్డతో తుడిచి చూడండి. ఫ్యాక్టరీలో వేసిన రంగు అక్కడ అలాగే ఉంటుంది. ఆ మూతనే పెయింట్ షాపుకి తీసుకెళ్తే దానికి కలిపి ఇస్తారు. అక్కడ రంగు చూశాక నాన్నగారు కొన్నప్పుడు కారు ఎలా ఉండేదో మీకే గుర్తొస్తుంది.

కాలర్: (కాస్త ఆగి) చూస్తానండి.

మాస్టారు: మొత్తం గీకేయమని ఎవరన్నా చెబితే వెంటనే ఒప్పుకోకండి. పెచ్చులు లేని చోట పాత పెయింట్ గట్టిగానే ఉంటే, రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది పాలిష్ పెడితే చాలు. పోయిన చోట మాత్రం నీళ్లు చల్లుతూ 400 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పు కాగితం), ప్రైమర్, తర్వాత 800 నంబరు పేపర్, ఆపైన పెయింట్. టూకే పెయింట్, అంటే హార్డెనర్ కలిపి కొట్టే పెయింట్, వేయించాలనుకుంటే పెయింటర్‌కే వదిలేయండి. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే ఆగదు. ఇంట్లో పిల్లలున్న చోట ఆ స్ప్రే అస్సలు వద్దు.

యాంకర్: స్టీరింగ్ కూడా అడిగారు.

మాస్టారు: బీటను సన్న ఆకురాయితో వి ఆకారంలో కాస్త వెడల్పు చేయాలి. పైపైన పూస్తే పట్టదు. అందులో రెండు భాగాలు కలిపే ఎపాక్సీ నింపి, ఒక రోజంతా ఆరనిచ్చి, గుండ్రం పోకుండా రుద్ది, ప్రైమర్, పెయింట్ వేసుకోవాలి. ఇది మీరే ఇంట్లో చేసుకోవచ్చు. బీట లోపలి ఇనప చువ్వ దాకా వెళ్లి, చువ్వ తుప్పుతో సన్నబడితే మాత్రం ఆ స్టీరింగ్ వాడకండి.

ఇక సీట్లు. మీ డబ్బులో సగానికి దగ్గరగా ఇక్కడే పోతుంది, పోనివ్వండి. స్ప్రింగులు చాలావరకు మళ్లీ వాడుకోవచ్చు. తుప్పు తీయించి, విరిగినవి మాత్రం మార్పించి, పైన గోనెపట్టా, కొబ్బరి పీచు షీటు, ఆ పైన 40 డెన్సిటీ స్పాంజి వేయించండి. స్ప్రింగు మీద నేరుగా స్పాంజి పెడితే కొన్నాళ్లకే కోసుకుపోతుంది. రెక్సిన్ కొనేటప్పుడు వెనక వైపు తిప్పి చూడండి. బట్ట దట్టంగా అల్లినట్టు ఉండాలి. అడ్డంగా లాగితే సాగి, వదిలితే వెనక్కి రావాలి. పాత కవర్ పారేయకండి. కుట్లు విప్పి, ముక్కలు పరిచి, కొత్త రెక్సిన్ అదే కొలతకి కత్తిరించమని కుషన్ మేస్త్రీకి చెప్పండి. పాత కుట్టు గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కడే రావాలి. కారు కారులా కనిపించేది దాంతోనే.

కాలర్: రూఫ్ క్లాత్ కూడా కాస్త వేలాడుతోందండి.

మాస్టారు: ఈసారికి దాన్ని వదిలేయండి. అంచు ఊడితే అతికించి, తడి గుడ్డతో తుడిపించండి. అది వంపు కమ్మీల మీద నిలబడుతుంది. ఒక్కో కమ్మీ వంపు ఒక్కోలా ఉంటుంది. అలవాటు లేనివాళ్లు కమ్మీలకు నంబర్లు వేయకుండా తీస్తే తిరిగి కుదరదు. వచ్చే ఏడాది డబ్బు చేతిలో ఉన్నప్పుడు మంచి మేస్త్రీ చేత చేయించండి. కింద కూడా కార్పెట్ వద్దమ్మా. గోదావరి గాలికి తేమ పట్టుకుంటుంది. రబ్బరు మ్యాట్ చాలు, అప్పుడప్పుడు ఎత్తి ఆరబెట్టుకోవచ్చు.

కాలర్: చాలా థ్యాంక్సండి. రేపే మ్యాట్ ఎత్తి చూస్తాను.

యాంకర్: ఇంకో కాల్ కరీంనగర్ నుంచి. చెప్పండన్నా.

కాలర్: నమస్తే సార్. నాది అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్. డ్యాష్‌బోర్డ్ పైన రెండు పెద్ద పగుళ్లు వచ్చినయి. మొత్తం రెక్సిన్ చుట్టిస్తే అయిపోతదని మెకానిక్ అంటున్నడు.

మాస్టారు: పగులు అలాగే ఉంచి చుట్టిస్తే ఎండాకాలం రాగానే గీత పైకి తేలుతుంది తమ్ముడూ. పాత అంబాసిడర్లలో మీటర్లు మధ్యలో ఉండేవి. మీ మోడల్‌కి స్టీరింగ్ వెనక్కి మార్చి డ్యాష్‌బోర్డ్ కొత్తగా డిజైన్ చేశారు. దాన్ని పూర్తిగా బయటికి తీయించండి. పగులు రెండు చివర్లా చిన్న డ్రిల్ రంధ్రాలు వేయాలి, అప్పుడు పగులు ఇంకా పాకదు. లోపలి వైపు ఫైబర్ మ్యాట్, రెసిన్‌తో బలం ఇచ్చి, పైన ప్లాస్టిక్‌కి పట్టే పుట్టీ నింపి సమం చేయాలి. అప్పుడు చుట్టించండి. వేడి తట్టుకునే గమ్మే వాడాలని గట్టిగా చెప్పండి. ఎండలో ఆపిన కారు అద్దం కింద మామూలు గమ్ము నిలవదు.

కాలర్: పైన మెరుపు కోసం టైర్ పాలిష్ పూస్తే నడుస్తదా?

మాస్టారు: వద్దే వద్దు. ఎండలో ఆ మెరుపు అద్దంలో పడి కళ్లకి కొడుతుంది. అందులో సిలికాన్ ఉంటే, రేపు ఎప్పుడైనా పెయింట్ వేయించినప్పుడు గుంటలు గుంటలుగా వస్తుంది. డీజిల్‌తో తుడవడం కూడా మానేయండి, రెక్సిన్ గట్టిపడి పగులుతుంది. నాలుగు చుక్కల షాంపూ కలిపిన నీళ్లు, మెత్తటి గుడ్డ. అంతే.

యాంకర్: సమయం తక్కువుంది. హైదరాబాద్ నుంచి, ఒక్క ప్రశ్న.

కాలర్: మాది 1969 ఫియట్ అండి. సీట్లు, రంగు మార్పిస్తే వింటేజ్ రిజిస్ట్రేషన్, అదే బాగా పాత కార్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్, ఇవ్వరా?

మాస్టారు: 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్ (కారు పైరేకు గూడు), ఇంజిన్ మార్చి ఉండకూడదు. పాత తీరులోనే సీటు బాగు చేయించడం వేరు, డ్యాష్‌బోర్డ్ కోసేసి స్క్రీన్ పెట్టడం వేరు. ఆ రెండోది చేయకండి. ఇంకో సంగతి, ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే కారును రోజూ తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలుకి, రిపేరుకి తీసుకెళ్లొచ్చు. ఆదివారం ఇంట్లోవాళ్లతో షికారుకి వెళ్లాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే రెన్యువల్ చేయించుకుంటూ ఉండండి. ఏ పని మొదలుపెట్టినా విప్పే ముందు అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి, తీసిన ప్రతి స్క్రూ సీసాలో వేసి పేరు రాయండి. ఆ స్క్రూలు కొన్ని ఇప్పుడు మార్కెట్లో వెతికినా దొరకవు.