పడవల లెక్క: నార్మండీ దాడి వెనక నడిచిన బేరాలు

అందరికీ నమస్కారం అండీ. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? సరే. డీ-డే అని పోస్టర్‌లో వేశారు కాబట్టి తూటాల మధ్య ఒడ్డుకి పరిగెత్తే సైనికుల గురించి చెప్తాననుకుని వచ్చుంటారు మీరు, కానీ ఇవాళ నేను యుద్ధం గురించి చెప్పను, పడవల గురించి చెప్తాను, ఎవరి పడవలు ఎవరికి వెళ్లాయి, ఇస్తామని మాటిచ్చి ఎవరికి ఎగ్గొట్టారు అన్నది. చివర్లో మన బంగాళాఖాతం కూడా వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

1944 జూన్ 6, అదే డీ-డే, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీదకి అమెరికా, బ్రిటన్, వాళ్ల మిత్రదేశాల ఓడలూ పడవలూ దాదాపు 7,000 కదిలాయి, ఆ ఒక్కరోజే సుమారు 1,56,000 మంది సైనికులు సముద్రం మీంచీ ఆకాశంలోంచీ ఫ్రాన్స్‌లో దిగారు. వినడానికి బానే ఉంటుంది గానీ దీనికి రెండేళ్ల ముందు ఇదే తీరం మీద చేసిన ప్రయత్నం ఘోరంగా తన్నింది. 1942 ఆగస్టు 19, డియెప్ అనే రేవు పట్టణం. సుమారు 6,000 మందిని పంపారు, అందులో 5,000 మంది దాకా కెనడా వాళ్లే, సాయంత్రం కాకముందే వెనక్కి తిరగాల్సొచ్చింది, 900 మందికి పైగా కెనడియన్లు చనిపోయారు, రెండు వేల మంది దాకా జర్మన్లకి ఖైదీలయ్యారు. దాన్ని నడిపించిన విభాగానికి అధిపతి ఎవరనుకున్నారు, మౌంట్‌బాటన్, తర్వాత మన ఆఖరి వైస్రాయ్‌గా వచ్చిన ఆయనే. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

డియెప్‌తో అర్థమైంది ఏంటంటే రేవుని నేరుగా కొట్టి పట్టుకోలేం అని. మరి రేవు లేకపోతే లక్షలమందికి తిండీ డీజిలూ గుండ్లూ ఎక్కడ దించుతారు? అందుకే కాంక్రీటు పెట్టెలు కట్టి ఇంగ్లండ్ నుంచి సముద్రం మీద లాక్కెళ్లి అక్కడే రేవు పెట్టుకుందాం అన్నారు, మల్‌బెర్రీ అని పేరు. నిజంగానే రెండు పెట్టారు, జూన్ 19న మొదలైన తుఫానుకి అమెరికన్లది ముక్కలైపోయింది, ఆరోమాంష్ దగ్గర బ్రిటిష్‌వాళ్లది నిలబడింది.

ఇక ప్లాన్. 1943 మార్చిలో ఫ్రెడరిక్ మోర్గన్ అనే బ్రిటిష్ జనరల్‌ని పిలిచి ప్లాన్ రాయమన్నారు, పక్కన డిప్యూటీగా రే బార్కర్ అనే అమెరికన్. తమాషా ఏంటంటే సుప్రీం కమాండర్ ఎవరో తేలకుండానే ఆయన చీఫ్ ఆఫ్ స్టాఫ్ ఆఫీసు తెరిచేశారు, పెళ్లికొడుకు దొరక్కముందే పందిరి వేసినట్టు. ఆ ఏడాది చివర్లో టెహ్రాన్‌లో స్టాలిన్ సరిగ్గా అదే అడిగాడు, ఇంతకీ కమాండర్ ఎవరయ్యా అని. డిసెంబర్‌లో అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్ పేరు తేలింది.

మోర్గన్ ప్లాన్‌లో మొదటి దెబ్బకి సముద్రం మీంచి దిగేది మూడే డివిజన్లు, డివిజన్ అంటే వేలమంది సైనికుల దళం. ఆయనకి తెలివి లేక కాదు, ఉన్న పడవలకి అంతే పడతాయి మరి. ఐసెన్‌హోవర్, బ్రిటిష్ జనరల్ మాంట్‌గోమరీ వచ్చి చూసి ఇది చాలదు ఐదు కావాలి అన్నారు. అనడం తేలికే. ఎల్ఎస్‌టీ అని ఒక ఓడ ఉండేది, నూరు మీటర్ల పొడవు, ముందు తలుపులు బార్లా తెరుచుకుంటాయి, ట్యాంకులు నేరుగా ఒడ్డు మీదకి దిగిపోతాయి. అందరికీ అదే కావాలి, పసిఫిక్‌లో జపాన్ మీద కొట్లాడేవాళ్లకీ కావాలి, ఇటలీలో 1944 జనవరిలో ఆన్జియో దగ్గర దిగినవాళ్లకీ కావాలి. ఎక్కువ భాగం తయారయ్యేది అమెరికాలో, అక్కడ నేవీ పెద్ద అడ్మిరల్ కింగ్, ఆయన మనసంతా పసిఫిక్ మీదే. వడ్డించేవాడు మనవాడైతే బంతి చివర కూర్చున్నా పర్లేదంటారు కదా, ఇక్కడ గరిటె పట్టుకున్నాయన చూపు వేరే బంతి మీద ఉంది. చివరికి ఏం చేశారంటే మే 1 అనుకున్న దాడిని జూన్‌కి జరిపారు, ఇంకో నెల పడవలు తయారవుతాయని, దక్షిణ ఫ్రాన్స్‌లో అదే సమయంలో చెయ్యాల్సిన దాడిని ఆగస్టు 15కి నెట్టేశారు.

రెండు దేశాలు కలిసి పనిచెయ్యడం అంటే కాగితం మీద సంతకం కాదని ఏప్రిల్ 28న తెలిసింది. స్లాప్టన్ అనే ఇంగ్లిష్ ఊరి దగ్గర రిహార్సల్, దానికోసం చుట్టుపక్కల మూడు వేలమంది జనాన్ని ముందే ఇళ్లు ఖాళీ చేయించారు. రాత్రిపూట ఎనిమిది ఎల్ఎస్‌టీల్లో అమెరికన్ సైనికులు వస్తున్నారు, కాపలా ఇచ్చేది బ్రిటిష్ నేవీ, కాపలా ఓడల్లో ఒకటి దెబ్బతిని రేవులో ఉండిపోయింది, ఆ సంగతి వీళ్లకి తెలీదు, పైగా కాగితాల్లో పడ్డ తప్పు వల్ల వీళ్ల రేడియో ఒక ఫ్రీక్వెన్సీ మీదుంటే బ్రిటిష్‌వాళ్ల రేడియో ఇంకో దాని మీద, జర్మన్ టార్పెడో పడవలు వస్తున్నాయన్న కబురు చేరనే లేదు. రెండు ఓడలు మునిగాయి, ఒకటి దెబ్బతింది, 749 మంది పోయారు. లైఫ్‌బెల్టు చంకల కింద కాకుండా నడుముకి కట్టుకోవడం వల్ల తలకిందులై మునిగినవాళ్లు కూడా ఉన్నారట. డీ-డే రోజు అమెరికన్లు దిగిన యూటా అనే బీచ్‌లో చనిపోయినవాళ్లూ గాయపడ్డవాళ్లూ అంతా కలిపి సుమారు 200 మంది, అంటే దానికి మూడు రెట్లకి పైగా రిహార్సల్‌లోనే చనిపోయారు. నాకు డీ-డే మొత్తంలో ఇదే ఎక్కువ బాధ.

ముహూర్తం గురించి కొంచెం చెప్తాను. మన వైజాగ్ బీచ్‌లో పోటుకీ ఆటుకీ తేడా పెద్దగా తెలీదు, అక్కడ ఆరు మీటర్ల దాకా ఉంటుంది. జర్మన్ జనరల్ రొమ్మెల్ నీళ్లలో పాతించిన కొయ్యలూ మైన్లూ కనపడాలంటే నీళ్లు బాగా తగ్గుండాలి, ప్యారాచూట్లవాళ్లకి వెన్నెల ఉండాలి, అవన్నీ కుదిరేది నెలలో కొద్ది రోజులే. జూన్ 5 అనుకున్నారు, వాతావరణం బాలేదని స్టాగ్ అనే ఆఫీసర్ చెప్తే ఒకరోజు ఆపారు. అది కూడా వదిలేసి తర్వాతి అవకాశం అనుకునుంటే ఇందాక చెప్పిన జూన్ 19 తుఫానులోకే వెళ్లేవాళ్లు.

ఇంకో ముచ్చట. పోర్ట్స్‌మత్ దగ్గర సౌత్‌విక్ హౌస్‌లో గోడంత మ్యాప్ పెట్టారు, దాన్ని ఆర్డరిచ్చింది బొమ్మల కంపెనీకి! ఎక్కడ దిగుతారో బయటికి పొక్కకుండా తీరం మొత్తం చేయించి నార్మండీ ముక్కే బిగించారు, బిగించిన పనివాళ్లకి గుట్టు తెలిసిపోయింది కదా, దాడి అయ్యేదాకా వాళ్లని ఇంటికి పంపలేదు. ఫ్రెంచ్ నాయకుడు డిగాల్‌కి మాత్రం, అతని దేశంలోనే దిగుతూ, జూన్ 4న చెప్పారు. అతను మండిపడ్డాడంటే తప్పేముంది.

ఇప్పుడు మన సముద్రం. అండమాన్ 1942 మార్చి నుంచి జపాన్ చేతిలో ఉంది. ఆ ఏప్రిల్ 6న మన విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డ సంగతి పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. 1943 నవంబర్‌లో కైరోలో రూజ్‌వెల్ట్, చైనా నాయకుడు చియాంగ్ కై షేక్‌కి మాటిచ్చాడు, బంగాళాఖాతంలో సముద్రం మీంచి దాడి చేస్తాం అని. అది అండమాన్ మీద, పేరు బక్కనీర్, చెయ్యాల్సింది మౌంట్‌బాటన్. చర్చిల్‌కి ఇష్టం లేదు. కైరో నుంచి టెహ్రాన్ వెళ్లారు, అక్కడ స్టాలిన్‌కి ఫ్రాన్స్ దాడి మే నెలలో ఖాయం అని మాటిచ్చారు, తిరిగొచ్చి పడవలు లెక్కేసుకుంటే రెండు మాటలకీ సరిపోవు. డిసెంబర్ 5న రూజ్‌వెల్ట్ చియాంగ్‌కిచ్చిన మాట వదిలేశాడు, మౌంట్‌బాటన్ దగ్గరున్న పడవలు యూరప్ వైపు మళ్లాయి.

అదే డిసెంబర్ 30న సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేశాడు. సరిగ్గా నెలకి, 1944 జనవరి 30న, అక్కడికి దగ్గర్లోనే హంఫ్రీగంజ్‌లో గూఢచారులన్న అనుమానంతో జపాన్ సైన్యం 44 మంది మనవాళ్లని కాల్చేసింది. పడవలు వచ్చుంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. మనవైపు సైన్యం పోర్ట్ బ్లెయిర్‌లో దిగింది 1945 అక్టోబర్‌లో, అప్పటికి జపాన్ లొంగిపోయి నెల దాటింది.

ప్రశ్నలుంటే అడగండి, ముందు ఆ మూల చెయ్యెత్తిన అమ్మాయికి మైక్ ఇవ్వండి.