112 తర్వాత 129

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీకూ. పేరుపేరునా పలకరించి ఒక్కొక్కరి గురించి నాలుగు మాటలు చెప్పడం మర్యాదే, కానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందులో తప్పనిసరిగా చెప్పుకోవలసిన విషయం ఒకటుంది, దానికి సమయం మిగలదేమోనని పొద్దుటి నుంచీ టెన్షన్‌గా ఉంది. మన్నించండి, నేరుగా విషయంలోకి వెళ్తాను.

నిర్వాహకులు ఇచ్చిన అంశం 'రిటైర్మెంట్ తర్వాత వ్యాపకంగా పుస్తక సమీక్ష'. నేను 33 ఏళ్లు ఆడిట్ విభాగంలో పనిచేశాను. రిటైర్ అయ్యాక మొదటి రెండు నెలలు బాగానే గడిచాయి. మూడో నెలలో ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెన్ను జేబులో పెట్టుకుని, ఎక్కడికీ వెళ్లాల్సిన పని లేక కుర్చీలో కూర్చున్నాను. ఇక్కడ రిటైర్ అయినవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ కుర్చీ ఎలాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ వారంలోనే, ఒక చిన్న పత్రిక నడిపే మిత్రుడు ఒక సంచి తెచ్చి ఇచ్చాడు. అందులో ఆరు పుస్తకాలు: ఒక కవితా సంపుటి, ఒక స్వాతంత్ర్య సమరయోధుడి జీవిత చరిత్ర, పిల్లల కథలు, తేనెటీగల పెంపకం, షుగర్ జబ్బు మీద ఒక డాక్టరు రాసిన పుస్తకం, ఒక నిఘంటువు. 'వీటిని ఎవరూ తీసుకోలేదండీ, మీకు తీరికే కదా' అన్నాడు. అట్లా మొదలైంది. ఇన్ని రకాల పుస్తకాలు ఎందుకు సమీక్షిస్తారని నన్ను అడుగుతుంటారు. నేను ఎంచుకోలేదు, ఎవరూ తీసుకోనివి నా దగ్గరికి వచ్చాయి, చదువుతూ పోతే అన్నీ ఇష్టమయ్యాయి. పదకొండేళ్లు అయింది.

తెలియని విషయం మీద పుస్తకాన్ని ఎలా సమీక్షిస్తారు అన్నది న్యాయమైన ప్రశ్న. తేనెపట్టును దగ్గరి నుంచి చూడనైనా చూడని నేను ఆ పుస్తకం గురించి ఏం రాయాలి? రెండు వారాలు అట్లాగే పెట్టుకుని, చివరికి తేనెటీగలు పెంచే ఒకాయనను వెతుక్కుంటూ వెళ్లి, ఆయన పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని ఒక అధ్యాయం పైకి చదివాను. ఆయన చేతులు ఆగలేదు, తల ఊపుతూ వింటున్నాడు. ఒకచోట మాత్రం ఆగి, 'ఇదంతా పూలు పూసే కాలం మాట, వానాకాలం ఏం చెయ్యాలో రాశారా?' అన్నాడు. వానల్లో పూలు తక్కువ, చక్కెర పాకం పెట్టి కాపాడుకోవాలి, లేకపోతే ఈగలు పెట్టె ఖాళీ చేసి వెళ్లిపోతాయట. పుస్తకమంతా వెతికాను, వానాకాలం గురించి ఒక్క పేరా లేదు. నా సమీక్షలో విలువైన వాక్యం అదొక్కటే, అది ఆయనదే, ఆయనదేనని రాశాను కూడా. మనకు తెలియకపోతే తెలిసినవాళ్ల దగ్గరికి పుస్తకం పట్టుకుని వెళ్లడానికి కావలసింది సమయం. ఉద్యోగం చేసేవాళ్లకు లేనిది అదే, మనకు ఉన్నది అదే.

ఒక్కో రకం పుస్తకానికి ఒక్కో తూకం ఉంటుంది. నిఘంటువును అట్ట నుంచి అట్ట దాకా చదవరు, నెల రోజులు పక్కన పెట్టుకుని వాడాలి. పెద్ద పెద్ద సంస్కృత పదాలు వెతికి సంతోషపడకూడదు, అవి అందరూ బాగానే రాస్తారు. 'పడు' అన్న రెండక్షరాల మాట తీసి చూడండి. వాన పడుతుంది, మనిషి కష్టపడతాడు, సంతకం పడుతుంది, ఒకరంటే ఒకరికి పడదు, పాట మధ్యలో గొంతు పడిపోతుంది. ఇవన్నీ విడివిడిగా, ఉదాహరణలతో ఇచ్చారా లేదా అన్నది చూస్తే ఆ నిఘంటువు వెనక ఎంత పని జరిగిందో తెలిసిపోతుంది. 'పట్టు' దగ్గర మరీ తెలుస్తుంది. నాకొచ్చిన నిఘంటువులో 'పడు'కి ఇచ్చింది మూడు అర్థాలు.

చరిత్ర పుస్తకాన్ని నేను వెనక నుంచి మొదలుపెడతాను, ఆధారాలు ఏమిటో, పదసూచిక ఉందో లేదో ముందు చూస్తాను. ఆత్మకథలో రచయిత ఏ సంవత్సరాలు దాటవేశారో చూడాలి. కవిత్వాన్ని మూడుసార్లు చదవాలి, అందులో ఒకసారి పైకి. అనువాదమైతే అనువాదకుడి పేరు సమీక్షలో రాయాలి, ఇది మర్చిపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డాక్టర్లు రాసిన పుస్తకమైతే ముద్రణ వివరాల పేజీ చూడకుండా ఒక్క మాట కూడా రాయకూడదు. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్‌కు 2007 జనవరి నుంచి 13 అంకెలు వచ్చాయి, అంతకుముందు పదే. నిగనిగలాడే కొత్త అట్ట లోపల పదంకెలే కనిపిస్తే, అట్ట మార్చి పాత పేజీలనే కుట్టారేమోనని అనుమానించాలి. జబ్బుల గురించి చెప్పే పుస్తకం పాతబడితే అది చదివి ఆచరించేవాడికి ప్రమాదం.

ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు, గ్రంథాలయాల్లో పనిచేసినవాళ్లందరికీ కంఠతా వస్తాయి. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది రెండోది. ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు అన్నది మూడోది. ఈ మూడోదాన్నే నేను పట్టుకున్నాను. తేనెటీగల పుస్తకానికీ ఎక్కడో ఒక పాఠకుడున్నాడు, ఆ పుస్తకం ఉందని అతనికి తెలియదు, ఆ కబురు అందించడమే సమీక్షకుడి పని. మంచిచెడ్డలు తేల్చడం దాని తర్వాత.

ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ తానే బోలెడు సమీక్షలు రాసిన మనిషి. 1946లో ఆ వృత్తి గురించి రాస్తూ, చాలా పుస్తకాలను అసలు ముట్టుకోకుండా వదిలేసి, ముఖ్యమనిపించిన కొద్దిటికి కనీసం వెయ్యి పదాల పెద్ద సమీక్ష రాయడమే మేలన్నాడు. వారం వారం కట్టలకొద్దీ పుస్తకాలు వచ్చిపడి, రాస్తే తప్ప ఇల్లు గడవని వాళ్ల బాధ అది. ఆ బాధ మనకు లేదు కదా! మనకు పెన్షన్ వస్తుంది. గడువు లేదు, పదాల లెక్క లేదు. నచ్చని పుస్తకాన్ని మూసి పక్కన పెట్టొచ్చు, నచ్చినదాన్ని రెండోసారి చదవొచ్చు. ఇంత స్వేచ్ఛ ఉండీ తొందరపడి రాస్తే అది మన తప్పే.

ఇక్కడికి వచ్చాను కాబట్టి ఒక పాత ముచ్చట చెప్పి అసలు విషయానికి వస్తాను. తొమ్మిదో శతాబ్దంలో, ఇప్పుడు ఇస్తాంబుల్ అంటున్న కాన్‌స్టాంటినోపుల్‌లో ఫోటియస్ అనే పండితుడు తాను చదివిన దాదాపు 280 పుస్తకాల గురించి తన సోదరుడి కోసం రాసిపెట్టాడు. చరిత్ర, మతం, వైద్యం, కథలు, నిఘంటువులు, అన్నీ ఉన్నాయి అందులో. సారాంశం చెబుతాడు, శైలి ఎలా ఉందో చెబుతాడు, నచ్చకపోతే నచ్చలేదంటాడు. ఆ పుస్తకాల్లో చాలా ఇప్పుడు లేవు, కాలంలో కలిసిపోయాయి. క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడు, పర్షియా రాజు కొలువులో ఉన్నవాడు, క్రీస్తు పూర్వం 400 ప్రాంతంలో మన దేశం గురించి తాను విన్నవన్నీ ఒక పుస్తకంగా రాశాడు. ఆ పుస్తకం పోయింది. ఇవాళ దాని గురించి మనకు తెలిసిన దానిలో ఎక్కువ భాగం ఫోటియస్ రాసిన సారాంశం వల్లే. అంటే పుస్తకం పోయి, దాని గురించి ఒక చదువరి రాసుకున్నది మిగిలింది. ఆ చదువరి నాలుగు ఆకులు చూసుకోకుండా తిప్పేసి ఉంటే, పన్నెండు వందల ఏళ్ల తర్వాత ఇక్కడున్న మనకు ఆ నాలుగు ఆకులూ లేనట్టే.

ఇప్పుడు నేను చెప్పవలసింది. దీనికోసమే వచ్చాను.

సమీక్షలు మొదలుపెట్టిన మూడో ఏట ఒక నవల వచ్చింది. రచయిత్రికి అది మొదటి పుస్తకం. ఇద్దరు అక్కాచెల్లెళ్ల కథ, ఆస్తి గొడవలో మాటలు పోయి, ఏళ్ల తరబడి ఒకరి గుమ్మం ఒకరు తొక్కరు. సగం దాకా చాలా బాగుంది. ఉన్నట్టుండి చెల్లెలు అక్క ఇంట్లో ఉంది, అక్క తలకు నూనె రాస్తోంది. ఎలా కలిశారు, ఎవరు ముందు మాట్లాడారు, ఏమీ లేదు. నేను సమీక్షలో రాసిన వాక్యం నాకు ఇప్పటికీ గుర్తు: 'అన్నేళ్ల పగ ఎలా కరిగిందో చెప్పాల్సిన చోట రచయిత్రి చేతులెత్తేశారు.' అచ్చయింది. అర పేజీ సమీక్ష.

పది రోజులకు పోస్టు కార్డు వచ్చింది. మూడు వాక్యాలు. 'మీ సమీక్ష చదివానండి. అక్కాచెల్లెళ్లు ఎలా కలిశారో నేను చెప్పలేదన్నారు. మీ దగ్గరున్న ప్రతిలో 113వ పేజీ ఉందో లేదో ఒక్కసారి చూడగలరా?'

నిలబడే పుస్తకం తీశాను. ఎడమ పక్క 112. కుడి పక్క 129.

పుస్తకం ఎలా తయారవుతుందో తెలిసినవాళ్లకు అర్థమై ఉంటుంది. పెద్ద కాగితానికి రెండు వైపులా అచ్చేసి, మడతపెడితే పదహారు పేజీలు వస్తాయి, దాన్ని ఫారం అంటారు. ఫారాలన్నీ వరసగా పేర్చి కుడతారు. నా ప్రతిలో ఎనిమిదో ఫారం పడలేదు. 113 నుంచి 128 దాకా మొత్తం పోయాయి. 112వ పేజీ ఒక వాక్యంతో ముగిసింది, 129వ పేజీ కొత్త పేరాతో మొదలైంది, అందుకని నేను ఆగలేదు. కానీ అది సాకు. ఆడిట్‌లో మొదటి రోజు నేర్పేది వోచర్ల నంబర్లు వరసలో ఉన్నాయా లేదా చూడమని. 47 తర్వాత 49 వస్తే 48 ఏదని అడగకుండా 33 ఏళ్లలో ఒక్క ఫైలు కదలనివ్వలేదు నేను. డబ్బు లెక్కకు ఇచ్చిన శ్రద్ధ ఒక మనిషి రాసిన పుస్తకానికి ఇవ్వలేదు. కథలో గండి కనిపించగానే, లోపం రచయిత్రిదే అయి ఉంటుందని అనుకున్నాను. ముందు నా ప్రతిని అనుమానించాలని తోచలేదు. కొత్త రచయిత్రి కాబట్టే తోచలేదు. పేరున్న రచయిత అయితే పేజీలు లెక్కపెట్టి ఉండేవాణ్ని. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఇంకో ప్రతి తెప్పించుకుని ఆ పదహారు పేజీలు చదివాను, ఆవిడకు ఫోన్ చేశాను. 'పర్లేదండీ, తెలియక జరిగింది' అన్నారు. కొంచెం ఆగి, 'ఆ పుస్తకం మీద వచ్చిన సమీక్ష అదొక్కటే' అన్నారు. నాలుగేళ్లు రాశారట ఆ నవల.

సవరణ వెయ్యమని పత్రిక వాళ్లను అడిగాను. 'వదిలేయండి సార్, ఎవరూ గమనించలేదు' అన్నారు. గమనించకపోవడమే కదా బాధ, చదివినవాళ్లందరూ నేను రాసింది నిజమనుకున్నారు! ఉత్తరాలు రాశాను, ఫోన్లు చేశాను. నాలుగు నెలల తర్వాత చివరి పేజీ అడుగున, ఒక ప్రకటన కింద, రెండు లైన్లు వేశారు: గత సంచికలోని ఒక సమీక్షలో పొరపాటు దొర్లింది, చింతిస్తున్నాం. ఏ సంచిక, ఏ పుస్తకం, ఏం పొరపాటు, ఏమీ లేదు. తప్పుకు అర పేజీ, దిద్దుబాటుకు రెండు లైన్లు.

ఇక్కడ పత్రికలు నడిపేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. అయ్యా, అమ్మా, మీకు దండం పెట్టి అడుగుతున్నాను. తప్పు ఏ పేజీలో వచ్చిందో సవరణ ఆ పేజీలోనే వెయ్యండి, అంత అక్షరంతోనే వెయ్యండి, పుస్తకం పేరు రాసి వెయ్యండి. స్థలం లేదనకండి, తప్పుకు దొరికిన స్థలం దీనికీ దొరుకుతుంది. కొత్తగా సమీక్షలు రాద్దామనుకునే నా ఈడు వాళ్లకు కూడా ఇదే చెబుతున్నాను, రాయండి, తప్పకుండా రాయండి, ఏ రకం పుస్తకం వచ్చినా వెనక్కి పంపకండి, కానీ మొదటి వాక్యం చదివే ముందు పేజీలు తిప్పి అంకెలు చూడండి. పది నిమిషాల పని. ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్నాను, రెండు ప్రతుల్లో పేజీలు తగ్గాయి, ఒకదానిలో ఒక ఫారం తలకిందులుగా కుట్టారు. మూడుసార్లూ ప్రచురణకర్తకు చెప్పి వేరే ప్రతి తెప్పించుకున్నాకే చదివాను.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అయిపోవచ్చిందండీ, రెండే నిమిషాలు. ఆ రోజు నేను పత్రికకు రాసిచ్చిన సవరణ ఎక్కడా అచ్చు కాలేదు. ఆ కాగితం నా దగ్గరే ఉంది. రచయిత్రి తన పేరు, పుస్తకం పేరు సభల్లో చెప్పొద్దన్నారు కాబట్టి అవి వదిలేసి మిగతాది మీ ముందు చదువుతాను, దయచేసి వినండి.

'ఈ నవలలో అక్కాచెల్లెళ్లు ఎలా కలిశారో రచయిత్రి చెప్పలేదని నేను రాసింది తప్పు. నేను చదివిన ప్రతిలో 113 నుంచి 128 వరకు పేజీలు లేవు, ఆ సంగతి నేను చూసుకోలేదు. ఆ పదహారు పేజీలూ ఒకే ఒక్క రాత్రి కథ. చెల్లెలు అక్క ఇంటి తలుపు కొడుతుంది. అక్క తలుపు తీయదు, అక్కడి నుంచి కదలదు కూడా. తలుపుకు అటొకరు ఇటొకరు కూర్చుని, ముందు పొలం గురించి తిట్టుకుంటారు, తర్వాత అమ్మ గురించి మాట్లాడుకుంటారు, తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడరు. ఈ నవలలో అన్నిటికంటే బాగా రాసిన పేజీలు ఇవే. తెల్లవారుతుండగా, 128వ పేజీ చివరి వాక్యంలో, లోపలి గడియ తీసిన చప్పుడు వినిపిస్తుంది.'