రెండోసారి ఎవరు వాయిస్తారు?

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో కాళ్లూపుకుంటూ కూర్చున్న పిల్లలకి నమస్కారం. కార్యదర్శిగారు నన్ను పరిచయం చేస్తూ 'ప్రముఖ వయొలిన్ విద్వాంసులు' అన్నారు. నేను వాయించింది వయొలిన్ కాదండీ, డబుల్ బాస్, అడుగు స్వరాలు పలికే పెద్ద తీగవాద్యం. ముప్ఫై నాలుగేళ్లు, మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో. ఆయన తప్పేం లేదు. బాస్ వాయించేవాడిని వెనక గోడకి ఆనించి నిలబెడతారు, ఎవరికీ కనపడడు. వినపడేది కూడా అంతంతమాత్రమే. తీసేసి చూడండి, పాట కింద నేల ఉండదు.

నాకిచ్చిన విషయం 'పాశ్చాత్య సంగీతంలో కండక్టర్ పాత్ర'. ఇరవై నిమిషాలు. పాత్ర సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చేతిలో పుల్ల పట్టుకుని ఎనభై, తొంభై మందికి తాళం చూపిస్తాడు. ఎవరు ఎక్కడ అందుకోవాలో, ఎంత గట్టిగా వాయించాలో చెబుతాడు. స్టేజీ మీద చప్పుడు చెయ్యనివాడు ఆయనొక్కడే. అయిపోయింది. మిగతా టైమంతా ఒక్క మనిషి గురించి మాట్లాడతాను. ఎందుకో చివర్లో చెబుతాను, ఈలోపు కార్యదర్శిగారు చీటీ పంపకపోతే.

ఆయన పేరు సెర్గేయ్ కూసెవిట్స్కీ. 1874లో రష్యాలో, విష్నీ వొలొచోక్ అనే చిన్న ఊళ్లో, పేద యూదు కుటుంబంలో పుట్టాడు. కుర్రవయసులో జేబులో డబ్బుల్లేకుండా మాస్కో చేరాడు. సంగీతం స్కూల్లో ఫీజు లేకుండా చదవాలంటే ఎవరూ తీసుకోని వాద్యం తీసుకోవాలి. డబుల్ బాస్ తీసుకున్నాడు. ఇక్కడ మీరు చప్పట్లు కొట్టినా నేనేం అనుకోను.

ఆ బాస్ మీదే పేరు తెచ్చుకున్నాడు. దానికోసం ఒక కన్చెర్టో కూడా రాశాడు, అంటే ఒక వాద్యాన్ని ముందు నిలబెట్టి ఆర్కెస్ట్రా తోడుగా వాయించే పెద్ద రచన. మేం బాస్ వాళ్లం ఇప్పటికీ దాన్ని వాయిస్తాం. వాయిస్తాం అంటే, ప్రయత్నిస్తాం. 1905లో టీ వ్యాపారంలో కోట్లు గడించిన వాళ్లమ్మాయి నతాలియా ఉష్కోవాని పెళ్లి చేసుకున్నాడు. బెర్లిన్ వెళ్లి, నికిష్ అనే మహా కండక్టర్ చేతుల వంక చూస్తూ పని నేర్చుకున్నాడు. విద్యార్థుల ఆర్కెస్ట్రాకి డబ్బులిచ్చి వాళ్ల మీద చెయ్యి తిప్పుకున్నాడు. 1908లో ఏకంగా బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రానే అద్దెకి తీసుకుని కచేరీ చేశాడు. ఆ రోజు రష్యన్ స్వరకర్త రాఖ్‌మానినోవ్ తన రెండో పియానో కన్చెర్టో తనే వాయించాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని మీరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. ఆ సొమ్ముతో ఆయన గుర్రప్పందేలు ఆడలేదు. 1909లో ప్రచురణ సంస్థ పెట్టాడు, బతికున్న రష్యన్ స్వరకర్తల స్కోర్లు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఒకచోట రాసిన పుస్తకాలు, అచ్చెయ్యడానికి. బతికున్న, అన్నమాట గుర్తుపెట్టుకోండి. స్క్రియాబిన్, స్ట్రావిన్‌స్కీ అక్కడ అచ్చయ్యారు. 1910లో స్టీమర్ మాట్లాడి, మొత్తం ఆర్కెస్ట్రాని ఎక్కించుకుని వోల్గా నది మీద బయల్దేరాడు. కజాన్, సమారా, సరాతోవ్, అక్కణ్నించి ఆస్త్రఖాన్ దాకా. ఆగిన ఊళ్లో కచేరీ, మళ్లీ పడవ. స్క్రియాబిన్ కూడా ఆ పడవలోనే. మనం పాపికొండలకి లాంచీ ఎక్కితే ఏం పెడతారు? బొంగు చికెన్, రికార్డింగ్ డాన్సు. నేనూ తిన్నాను, కాదనను. ఊరికే చెప్పానంతే.

నాకు బాస్ మోయడమంటేనే ప్రాణం పోయేది. ఏడు గంటల కాల్‌షీట్‌కి టాక్సీ వాడు చూసి ఆగకుండా వెళ్లిపోయేవాడు. ఈయన ఎన్ని బాస్‌లని గట్టెక్కించి దించాడో ఆలోచించండి! సరే.

విప్లవం వచ్చింది, 1920లో దేశం వదిలాడు, పారిస్ చేరాడు. ముసోర్గ్‌స్కీ పియానోకి రాసిన 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'ని ఆర్కెస్ట్రాకి మార్చమని ఫ్రెంచ్ స్వరకర్త రవేల్‌ని అడిగింది ఈయనే, 1922లో. ఈనాడు ప్రపంచమంతా వాయించేది ఎక్కువగా ఆ రవేల్ పాఠమే. 1924లో అమెరికాలోని బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాకి వెళ్లి ఇరవై అయిదేళ్లు అక్కడే ఉన్నాడు.

ఆయన్ని దేవుణ్ని చెయ్యను. కోపిష్ఠి. స్కోర్ చూసి గబగబా చదవడం అంత వచ్చేది కాదు. స్లోనిమ్‌స్కీ అనే ఆయన పియానో మీద వాయించి వినిపిస్తుంటే, ఈయన చేతులూపుతూ ప్రాక్టీసు చేసేవాడు. స్ట్రావిన్‌స్కీ 'రైట్ ఆఫ్ స్ప్రింగ్'లో తాళం బారు బారుకీ, అంటే మన ఆవర్తం లాంటి ప్రతి గడికీ, మారుతుంది కదా, ఆ లెక్క కుదరక స్లోనిమ్‌స్కీ చేత బార్లు తిరగరాయించుకున్నాడు. ఇది విని నవ్వే కండక్టర్లున్నారు. నాకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. తేలిగ్గా చదవగలిగినవాళ్లు పాతవి వాయించుకుంటూ హాయిగా ఉన్నారు. చదవడానికి తంటాలు పడేవాడు కొత్తవి నెత్తికెత్తుకున్నాడు.

బోస్టన్ ఆర్కెస్ట్రాకి యాభై ఏళ్లు నిండాయి. మనమైతే ఏం చేస్తాం? శాలువాలు, జ్ఞాపికలు, సావనీరు. వాళ్లు స్వరకర్తలకి కొత్తవి రాయమని కబురు పెట్టారు. స్ట్రావిన్‌స్కీ 'సింఫనీ ఆఫ్ సామ్స్' అలా పుట్టింది. ప్రొకోఫియేవ్ నాలుగో సింఫనీ, రూసెల్ మూడో సింఫనీ, హిండెమిత్ ఒకటి. ఒక్క వార్షికోత్సవానికి, అధ్యక్షా!

ఇప్పుడు అసలు కథ. మా ఇంట్లో దీన్ని నూరుసార్లు విన్నారు, మీరు ఒక్కసారి వినండి.

1942లో నతాలియా చనిపోయింది. ఆవిడ జ్ఞాపకార్థం ఒక ఫౌండేషన్ పెట్టాడు, పని ఒక్కటే, కొత్త సంగీతం రాయించడం. మరుసటి ఏడు న్యూయార్క్ ఆస్పత్రిలో బేలా బార్టోక్ అనే స్వరకర్త పడుకుని ఉన్నాడు. హంగరీ వదిలి వచ్చిన మనిషి. బరువు నలభై కిలోలకి దిగిపోయింది. చేతిలో డబ్బు లేదు, మళ్లీ రాస్తానన్న నమ్మకం లేదు. ఆయన దేశంవాళ్లే ఇద్దరు, వయొలినిస్టు సిగెటి, కండక్టర్ రైనర్, చాటుగా కూసెవిట్స్కీకి విషయం చేరవేశారు. చాటుగా ఎందుకంటే, బార్టోక్ దానం పుచ్చుకోడు. చచ్చినా పుచ్చుకోడు.

కూసెవిట్స్కీ ఆస్పత్రికి తనే వెళ్లాడు. ఆర్కెస్ట్రాకి ఏదైనా రాయండి, వెయ్యి డాలర్లు, సగం ఇప్పుడే అన్నాడు. బార్టోక్ వద్దన్నాడు. పూర్తి చెయ్యగలనో లేదో, డబ్బెలా తీసుకోను అన్నాడు. దానికి ఈయన, ఫౌండేషన్ నిర్ణయం అయిపోయింది, డబ్బు వెనక్కి తీసుకునే వీల్లేదు అని చెప్పి అయిదొందల డాలర్ల చెక్కు ఇచ్చాడు. ఫౌండేషన్ అంటే ఎవరండీ? ఈయనే కదా!

ఆ వేసవిలో సారనాక్ లేక్ అనే కొండ ఊళ్లో, ఆగస్టు 15న మొదలెట్టి అక్టోబరు 8కి బార్టోక్ పూర్తి చేశాడు. 'కన్చెర్టో ఫర్ ఆర్కెస్ట్రా'. అందులో మొట్టమొదటి స్వరాలు ఎవరివి? చెల్లోలవీ, అంటే మా బాస్‌కి తమ్ముళ్లవీ, డబుల్ బాస్‌లవీ. చీకట్లో ఎవరో మెట్లు తడుముకుంటూ ఎక్కుతున్నట్టు ఉంటుంది. వెనక గోడ దగ్గరివాళ్లతో మొదలెట్టాడు. నేను మొదటిసారి విన్నప్పుడు రికార్డు ఆపేసి కాసేపు వరండాలో తిరిగొచ్చాను.

1944 డిసెంబరు 1న బోస్టన్‌లో మొదటి ప్రదర్శన. బార్టోక్ వెళ్లాడు, విన్నాడు. ఈ పాతికేళ్లలో ఇంత మంచిది రాలేదని కూసెవిట్స్కీ అంటున్నాడని ఉత్తరంలో రాసుకున్నాడు. మరుసటి సెప్టెంబరులో పోయాడు.

ఇక్కడ చాలామంది కథ ఆపేస్తారు. నేను చెప్పాలనుకున్నది తర్వాతది. అదే డిసెంబరు 30న కూసెవిట్స్కీ దాన్నే మళ్లీ వాయించాడు, రేడియోలో ప్రసారం కూడా అయింది. నెల తిరక్కుండా రెండోసారి!

మొదటిసారికి ఎవరైనా వస్తారండీ. పేపర్లో పడుతుంది, ఫొటో ఉంటుంది. రెండోసారి ఎవరు వాయిస్తారు? మన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 72 మేళకర్తల్లోనూ కృతులు చేశారు. ఆయన పాడారు కాబట్టి విన్నాం. కచేరీలకి వెళ్లేవాళ్లు గుండెల మీద చెయ్యేసుకుని చెప్పండి, ఆ 72లో ఇంకొకరి నోట ఎన్ని విన్నారు? నేను ఎవర్నీ తప్పుపట్టడం లేదు. పడుతున్నాను, నిజానికి. నన్ను కూడా కలుపుకుని.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలండీ.

మద్రాసులో నా పక్క స్టాండులో వయోలా, అంటే వయొలిన్ కన్నా కాస్త పెద్దది, వాయించే మిత్రుడు ఉండేవాడు, గుంటూరు జిల్లావాడు. పగలు సినిమా పాటలకి నొటేషన్ రాసేవాడు, రాత్రిళ్లు తనది తను రాసుకునేవాడు. పదకొండు నిమిషాల ముక్క, తీగవాద్యాలకి. మోహన రాగం, డి శ్రుతి. ఒక సభవాళ్లు వాయించనిస్తామన్నారు. సన్మానాలు ముప్పావు గంట పట్టాయి. మా వంతు వచ్చేసరికి తొమ్మిది నలభై, హాల్లో మిగిలింది మైకు అబ్బాయి, వాచ్‌మన్, మావాడి భార్య, నిద్రపోతున్న ఇద్దరు పిల్లలు. వాయించాం. బాగానే వచ్చింది. మళ్లీ ఎప్పుడైనా పెట్టుకుందాం అన్నారు. వాడు ఇరవై ఏళ్లు ఎదురు చూశాడు. అడిగితే చులకనైపోతానని అడగలేదు. వాడు పోయాక పార్టులు, అంటే ఒక్కో వాద్యానికి విడిగా రాసిన కాగితాలు, ఒక అట్టపెట్టెలో నా ఇంటికొచ్చాయి.

ఆ పెట్టె ఆ సంచిలో ఉంది, స్టేజీ పక్కన. అందుకే ఈ ఊరు వచ్చాను, ప్రసంగం కోసం కాదు. ముందు వరసలో వయొలిన్ పెట్టెలు నాలుగు చూశాను. ఆ వెనక నీలం చొక్కా బాబు దగ్గరున్నది చెల్లో అయ్యుండాలి. వయోలా పార్టు మూడో వయొలిన్‌తో సర్దుకోవచ్చు, నేను రాసి తెచ్చాను. బాస్‌కి నేనున్నాను, వాద్యం మాత్రం ఎవరైనా అరువివ్వాలి. అధ్యక్షులవారు శాలువా కప్పేదేమైనా ఉంటే ఆ టైము మాకివ్వండి, పుణ్యముంటుంది. రండమ్మా, భయం లేదు, తప్పులు పోతే పోనీండి.

ఒక్క మాట. మావాడు సిగ్నేచర్ పెట్టేవాడు కాదు, అంటే ఏ స్వరం షార్పో వరస మొదట్లోనే రాసేవాడు కాదు, షార్పులు, అంటే స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తులు, విడివిడిగా ఎక్కడికక్కడ రాసేవాడు. మొదటి వయొలిన్ పార్టులో పన్నెండో బారు మీద కాఫీ మరక ఉంది. దాని కింద ఉన్నది ఎఫ్ షార్ప్, డి శ్రుతికి మన అంతర గాంధారం. చూసుకోకుండా ఉత్త ఎఫ్ వాయించారంటే, శివరంజని అయిపోతుంది.