ఒక్క ఆకుతో సన్‌డ్యూ పిల్ల మొక్కలు

హాయ్ అండీ, స్కూల్లో కీటకాహార మొక్కలని బొమ్మలు గీయించేవారు చూడండి, నెపంథిస్ పక్కన డ్రోసెరా అని, ఆకు నిండా జిగురు బొట్లతో ఉండేది, అదే ఈ సన్‌డ్యూ. నా దగ్గరున్నది కేప్ సన్‌డ్యూ, సౌతాఫ్రికాది. ఒకటి కొన్నాక రెండోది కొనే పనే లేదు, ఒక్క ఆకు చాలు.

ముదిరింది వద్దు, విచ్చుకోనిదీ వద్దు. బొట్లు నిండుగా ఉన్న ఆకుని కాడతో సహా కత్తిరించి, మూత ఉన్న గాజు సీసాలో కాసిన్ని నీళ్లు పోసి అందులో వేసేయండి. వెలుతురు బాగా ఉండాలి కానీ ఎండ నేరుగా తగలకూడదు, మన ఎండలకి సీసాలో ఆకు ఉడికిపోతుంది.

అసలు కథంతా నీళ్లదే. బోరు నీళ్లు పోశారా, మొక్క పోయినట్టే! సారం లేని చిత్తడి నేలల్లో పుట్టింది కాబట్టే ఇది పురుగుల్ని పట్టుకుని నైట్రోజన్ తెచ్చుకుంటుంది, నీళ్లలో ఉప్పులు ఎక్కువైతే తట్టుకోలేదు. వాన నీళ్లు, డిస్టిల్డ్ వాటర్, లేదంటే టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క) 50 లోపున్న ఆర్వో నీళ్లు. ఇంట్లో ఆర్వోకి రుచి కోసం మినరల్ కార్ట్రిడ్జ్ తగిలించి ఉంటే మాత్రం మీటర్ పెట్టి చూశాకే పోయండి.

మొదట్లో కొత్తగా ఏమీ రాదు. బొట్లు కరిగిపోతాయి, ఆ బొట్లు మోసే వెంట్రుకల ఎరుపు వెలిసిపోతుంది, ఆకు గోధుమ రంగులోకి తిరుగుతుంది, అది చూసి టెన్షన్ పడి పారబోయకండి. మూడు నాలుగు వారాలకి ఆ వాడిన ఆకు మీదే ఆవగింజంత పచ్చటి బుడిపెలు లేస్తాయి, ఒక్కోదాంట్లోంచి ఒక్కో పిల్ల మొక్క వస్తుంది, దాని ఆకులకి అప్పుడే వెంట్రుకలు కూడా ఉంటాయి.

వేరు కనబడ్డాక పీట్ మాస్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళ్లు) సగం సగం కలిపి నాటండి. కోకోపీట్ చవకే, కానీ అందులో ఉప్పుంటుంది, ఎంత కడిగినా నాకైతే నమ్మకం లేదు. వర్మీకంపోస్టు ఊసే వద్దు. కుండీ కింద పళ్లెంలో ఎప్పుడూ నీళ్లుండాలి, పైన గ్లాసు బోర్లించి, కొన్నాళ్లు పోయాక రోజూ కాసేపు తీస్తూ అలవాటు చేయండి, ఒక్కసారే తీసేస్తే వాడిపోతాయి.

అన్నట్టు మన దగ్గరా సన్‌డ్యూలున్నాయి, డ్రోసెరా బర్మానై, డ్రోసెరా ఇండికా, వానల తర్వాత తడి నేలల్లో కనిపిస్తాయి. దయచేసి తవ్వి తెచ్చుకోకండి. అవి ఒక్క సీజన్ మొక్కలు, గింజ రాల్చి పోతాయి, ఆకు పద్ధతి వాటికి పెద్దగా కలిసిరాదు. పెంచేవాళ్ల దగ్గర చిటికెడు గింజలు అడిగి, మట్టి కప్పకుండా తడి పీట్ మీద చల్లేయండి, దుమ్ములా ఉంటాయి, చల్లేటప్పుడు ఫ్యాన్ ఆపండి.