కోసేసిన అంచు

శ్రోతలకు నమస్కారం.

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ వెలుతురు కంటే ముందు కేకలు వినిపిస్తాయి. బోట్లు వస్తాయి, వేలం మొదలవుతుంది, గంపలు పట్టుకుని ఆడవాళ్లు తోసుకొస్తారు. పదేళ్ల కిందట అక్కడ కూర్చుని ఒక బొమ్మ వేశాను. గంప దించి కొంగుతో మొహం తుడుచుకుంటున్న పెద్దావిడ, వెనక నీలం బోటు. వాటర్ కలర్‌లో ఆ నీలం కుదిరేసరికి నాలుగు కాగితాలు పాడయ్యాయి.

ఆ రోజుల్లోనే ఒక సంస్థ చిత్రలేఖనం పోటీ పెడితే పంపాను. బహుమతి రాలేదు, మర్చిపోయాను. సంక్రాంతి వెళ్లాక మా వీధి చివర కిరాణా కొట్టులో పంచదార తూయించుకుంటూ తలెత్తితే గోడ మీద క్యాలెండర్, అందులో నా పెద్దావిడ! దగ్గరికెళ్లి చూశాను. కుడివైపు కింద, బోటు తాడు వేలాడే చోట నేను సంతకం పెట్టాను. క్యాలెండర్ కొలతకి సరిపోలేదని ఆ అంచు కోసేశారు. తాడు సగమే ఉంది. నా పేరు లేదు.

ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు. "ఫారం వెనక ఎనిమిదో షరతు చూసుకోలేదా మేడం?" అన్నారు. చూసుకోలేదు. 'పోటీకి వచ్చిన ఎంట్రీలన్నీ నిర్వాహకుల ఆస్తి. వాటిని ఏ విధంగానైనా, ఎలాంటి చెల్లింపు లేకుండా శాశ్వతంగా వాడుకునే సర్వహక్కులు వారివే.' కింద నేను చేసిన సంతకం. ఆ రోజు ఎంత ఏడ్చానో ఇంట్లోవాళ్లకే తెలుసు.

అందులో 'అన్నీ' అనే మాట దగ్గర కాసేపు ఆగండి. గెలిచిన బొమ్మ ఒక్కటే కాదు, వచ్చిన ప్రతి బొమ్మా. ముగ్గురికి బహుమతులిచ్చి, మిగిలిన వందల మంది కష్టాన్ని ఊరికే తీసేసుకోవడమే ఇది. గెలిచిన బొమ్మను ప్రదర్శనలో పెట్టుకోవాలి, పేపర్లో వేయించుకోవాలి అంటే అది న్యాయమే. దానికి అనుమతి చాలు. అనుమతి ఇవ్వడం వేరు, హక్కు రాసివ్వడం వేరు. ఇల్లు అద్దెకివ్వడానికీ అమ్మేయడానికీ ఉన్నంత తేడా.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. జీతానికి చేసిన పని లాంటి కొన్ని సందర్భాలు తప్పిస్తే, బొమ్మ వేసినవాళ్లే దాని మొదటి హక్కుదారులు. రిజిస్టర్ చేయించకపోయినా సరే. ఆ హక్కు కళాకారులు బతికున్నన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ ఉంటుంది. ఇంకొకరికి రాసివ్వాలంటే కాగితం మీద, సంతకంతో జరగాలి. ఎంతకాలమో రాయకపోతే 5 ఏళ్లే. ఎక్కడెక్కడో రాయకపోతే మన దేశం వరకే. ఫారాల్లో 'శాశ్వతంగా', 'ప్రపంచవ్యాప్తంగా' అని ఎందుకు రాస్తారో ఇప్పుడు అర్థమైందా?

రాసిచ్చేసినా పోనిది ఒకటుంది. చట్టంలో 57వ సెక్షన్. ఇది నాదని చెప్పుకునే హక్కు, పేరు చెడేలా దాన్ని పాడుచేస్తే అడ్డుకునే హక్కు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి ఒక పెద్ద కంచు శిల్పఫలకం చేశారు. 1979లో ప్రభుత్వం దాన్ని ఊడదీయించి గోదాములో పడేసింది. డబ్బిచ్చి చేయించుకున్నది కదా, మా ఇష్టం అని వాదించింది. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన శిల్పాన్ని ఆయనకు తిరిగిచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమంది. ఈ సంగతి అప్పుడు తెలిసుంటే, నా బొమ్మ అంచు గురించి ఊరుకునేదాన్ని కాదు.

పోటీలే వద్దనడం లేదు. మన రూపాయి గుర్తు పోటీలోంచే వచ్చింది. 2010లో ఎంపికైన ఆ గుర్తు గీసినవారు డి. ఉదయకుమార్ అని దేశమంతా తెలుసు. పేరు నిలబెట్టే పోటీకి సంతోషంగా పంపండి. పంపేముందు ఫారం వెనక్కి తిప్పండి. గెలవని బొమ్మల సంగతేమిటి, పేరు వేస్తారా, అమ్ముకుంటే మనకేమిస్తారు? ఫోన్ చేసి అడగండి, మొహమాటపడకండి. పిల్లల పోటీలైతే మరీ జాగ్రత్త. 18 ఏళ్లు నిండనివాళ్ల ఒప్పందం మన చట్టంలో చెల్లదు కాబట్టే ఫారం మీద అమ్మానాన్నల సంతకం అడుగుతారు.

మొన్న నా దగ్గర డ్రాయింగ్ నేర్చుకునే తొమ్మిదో తరగతి అబ్బాయి, వాళ్లమ్మతో కలిసి ఒక ఫారం పట్టుకొచ్చాడు. "సంతకం పెట్టమంటారా టీచర్ గారూ?" అని ఆవిడ అడిగింది. మళ్లీ అదే షరతు, అక్షరం పొల్లు పోకుండా! నిర్వాహకులకి ఫోన్ చేశాను. "ఎక్కడో పాత ఫారం చూసి రాసేశామండీ, ఆలోచించలేదు" అన్నారు. రెండు రోజుల్లో మార్చారు. గెలిచిన బొమ్మలు మాత్రమే, ఒక్క ఏడాది, పేరుతో సహా.

ఆ అబ్బాయి వేసింది కూడా బోటే. మన హార్బర్‌లో బోట్ల పక్కమీద పెద్ద అక్షరాలతో పేర్లుంటాయి కదా. వాడు ఆ చోట, బొమ్మకి సరిగ్గా మధ్యలో, తన పేరు రాసుకున్నాడు.

నమస్కారం.